వదులు బెజ్జం

మా మామ బెజ్జం కొడుతుంటే చూడముచ్చటగా ఉండేదని మైదుకూరులో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అననీ. ఆ బెజ్జాల్లో ఏముండేదో నాకు తెలుసు. గడప చెక్కలో నలుచదరంగా బెజ్జం తొలిచి, నిలువు చెక్క కొసను అందులో బిగిస్తే వాకిలి, అంటే ద్వారబంధం, నిలబడుతుంది. సుత్తి దెబ్బ పడితే గానీ ఆ కొస లోపలికి దిగకూడదు. మామకు అంత ఓపిక యాడిది? ఉలితో గబగబా పెద్దదిగా తొలిచేసి, సందుల్లో రంపపు పొట్టు, బంక కలిపిన ముద్ద కూరేవాడు. పైన చిత్రిక పట్టాక దేవుడికి కూడా కనపడదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కమలాపురంలో ఒక రైతు ఇంటికి వాకిలి ఎత్తుతుంటే, పూజ మధ్యలోనే అది ఊగి గడప విడిపోయింది. కీడు జరుగుతుందని ఆ ఇంటి ముసలావిడ ఏడుపు అందుకుంది. మామ తడుముకోలేదు.

"బెజ్జాలు మా అల్లుడు కొట్టినాడప్పా. వానిది శానా వదులు చెయ్యి," అన్నాడు.

నేను కొట్టలేదు. పని జరిగినంతసేపూ చెక్క కదలకుండా పట్టుకుని కూర్చున్నాను, అంతే. చెబితే వినేవాళ్లు లేరు. ఆనాటి నుంచి నా పేరు వదులోడు. టీ అంగట్లోనూ అదే పిలుపు. సొంతంగా వాకిలి పని అడగబోతే నవ్వి, మంచం కోళ్లు చెక్కమనేవాళ్లు. వేరే దారి లేక మామ దగ్గరే ఉన్నానని అందరికీ చెప్పాను. నిజానికి నేను కాచుకుని ఉన్నాను.

కొన్నేళ్లకు మైదుకూరులోనే ఒక శెట్టి కొత్త ఇల్లు కడుతూ మమ్మల్ని పిలిచాడు.

"మంచి టేకు. దగ్గర కూచోని చూసుకోప్పా," అని నేనే ఆయనకు కుర్చీ వేశాను.

బెజ్జాలు కొట్టింది మామేనని శెట్టి కళ్లారా చూశాడు. ఆయన లేచి వెళ్లాక మామ ఎప్పటిలాగే ముద్ద కూరాడు.

మరునాడు ఎత్తే ముందు వాకిలిని ఇటుకల మీద పడుకోబెట్టారు. మామూలుగా నీళ్లు చిలకరించి పసుపు పూస్తారు. నేను శెట్టి భార్య దగ్గరికి వెళ్లాను.

"కొత్త చెక్కకు దుమ్ము ఉంటాదమ్మా. బాగా కడిగినంక పూస్తే పసుపు పడతాది."

ఆ తల్లిది పెద్ద చెయ్యి. బిందెలకు బిందెలు కుమ్మరించింది.

ఎత్తేసరికి వాకిలి ఊగింది. బెజ్జాల్లోంచి పసుపు నీళ్లతో పాటు కరిగిన పొట్టు ముద్ద కారింది. శెట్టి దాన్ని వేలితో తీసి చూశాడు.

"ఇదేంది మేస్త్రీ?"

మామ నా వైపు తిరిగి నోరు తెరిచాడు. నిన్న శెట్టి కూర్చున్న కుర్చీ పక్కనే కనపడింది కాబోలు, మూసుకున్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. నాకు కడుపు నిండిపోయింది.

పూజకు వచ్చిన అయ్యవారు మధ్యాహ్నానికి ఇంకో ముహూర్తం చూశాడు. మిగిలిన టేకుతో కొత్త గడప చెయ్యమని శెట్టి నాకు చెప్పాడు. చెక్క పట్టుకోవడానికి మనిషి కావాలి. శెట్టి చుట్టాలంతా చూస్తుండగా మామ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"గట్టిగా పట్టుకో మామా. వదులుగా పట్టుకుంటే బెజ్జం వంకర పోతాది," అన్నాను.

తల వంచుకుని పట్టుకున్నాడు. ఆ బెజ్జాలు తొందరగా ముగించగలిగేవాడినే. ముగించలేదు.