థర్మామీటరు మీద ఊపిరి

కారా సముద్రపు ఒడ్డున ఉన్న ఆ వాతావరణ కేంద్రంలో మనుషులు ముగ్గురే: అధికారి గ్లెబ్ తీఖనవిచ్, ఆయన భార్య జోయా, చదువు ముగించుకుని వేసవి ఓడలో వచ్చి పనిలో చేరిన కూతురు రిమ్మ. డ్యూటీలో ఉన్నంతసేపూ జోయా భర్తను తండ్రిపేరుతో కలిపి, ‘మీరు’ అనే పిలుస్తుంది. డ్యూటీ దిగాకే ఆయన గ్లేబుష్కా అవుతాడు. సొంతవాళ్లే కలిసి పనిచేసే చోట ఈ గీత చెరిగితే పనీ, సంసారమూ రెండూ చెడతాయని ఆమె నమ్మకం.

అది సూర్యుడు కనిపించని నెల. ఆ మధ్యాహ్నం రిమ్మ తీసిన ఉష్ణోగ్రత అంతకుముందు కొలతకంటే, తరువాత జోయా తీసిన దానికంటే రెండు డిగ్రీలు ఎక్కువగా ఉంది. ఉష్ణోగ్రత అలా మారడానికి గాలి లేదు, మబ్బూ లేదు.

“అసలు బయటికి వెళ్లావా, పొయ్యి పక్కన కూర్చుని పైకప్పు చూసి చెప్పేశావా?” అన్నాడు గ్లెబ్.

“వెళ్లాను.”

ఆధారం చూపడానికి అడుగుల గుర్తులు లేవు. థర్మామీటరు ఉండే పెట్టె దాకా రోజూ తొక్కిన మంచుదారి రాయిలా గట్టిపడిపోయింది.

“కూతురివని దొంగ కొలతలు పంపలేను. వసంతంలో హెలికాప్టర్ రాగానే ఎక్కేయి.”

జోయాకు ఒకటి గుర్తొచ్చింది. “గ్లెబ్ తీఖనవిచ్, నా వంతులో థర్మామీటరు గాజు మీద సన్నని మంచు పొర ఉంది. అలవాటుకొద్దీ తుడిచేశాను.”

“ఈ మాట చెప్పేది పరిశీలకురాలా, తల్లా?”

“తల్లినైతే ఈపాటికి మిమ్మల్ని దులిపేసేదాన్ని. వచ్చి మీరే చూడండి.”

ఎలుగుబంట్ల భయానికి తుపాకీ తగిలించుకుని ముగ్గురూ వెళ్లారు. రిమ్మ పెట్టె తలుపు తెరిచి, మధ్యాహ్నం చేసినట్టే ముక్కు గాజుకు ఆనేంత దగ్గరగా వంగింది. నోటి ఆవిరి గాజు మీద మంచై పేరుకుంది. గొట్టంలో పాదరసం నెమ్మదిగా పైకి పాకింది. గ్లెబ్ కూతురి ముఖం వైపు తిరిగాడు.

“కళ్లజోడేది?”

“ఆవిరి పట్టేస్తోందని తీసేశాను.”

“ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే చూపు లేదని పంపించేస్తారనుకున్నాను.”

ఆయన లోపలికి వచ్చి రేడియోలో తానే చెప్పాడు: మధ్యాహ్నపు కొలత నమ్మదగ్గది కాదు, పరిశీలకురాలి ఊపిరి తగిలింది. అవతలివాళ్లు ఆమె పేరు అడిగితే, తన ఇంటిపేరుతో సహా కూతురి పేరు చెప్పాడు.

తరువాత రిమ్మ వైపు తిరిగాడు. “వచ్చే వంతు నీదే. జోడు పెట్టుకో. ఊపిరి బిగబట్టి, ముందు డిగ్రీలో పదో వంతులు చదువు, అవే ముందు మారతాయి, ఆ తరువాతే డిగ్రీలు.”

జోయా డ్యూటీ ముగిసింది. బూట్లు విప్పి పొయ్యి దగ్గర పెట్టింది.

“గ్లేబుష్కా, పిల్ల పైకప్పు చూసి చెప్పిందన్నావుగా. ఇవాళ అంట్లు నువ్వే తోము.”