ఎస్తేరు గారికి కనపడని చుక్క

ఈ ఉదయం ల్యాబులో కొత్త పార్సిల్ విప్పగానే పుల్లటి వాసన గుప్పుమంది. వినిగర్‌లో నానబెట్టి వేయించిన తుంగగడ్డలు అవి. చైనా వైద్యంలో వాడతారు. కాస్త మాడు వాసన, కాస్త కర్పూరం, వాటి వెనక పాత ఊరగాయ జాడీ మూత తీసినప్పటి పులుపు. నా దగ్గర పనిచేసే అమ్మాయిలిద్దరూ ముక్కు మూసుకుని నవ్వుకున్నారు. నేను నవ్వలేకపోయాను. ఆ వాసన తగిలితే నాకు ఎస్తేరు గారు గుర్తొస్తారు. గురువుల గురించి రాసేవాళ్ళందరూ గౌరవమనీ కృతజ్ఞతనీ మొదలుపెడతారు. నాకు ముందు వచ్చేది కుళ్ళు. ఆ తరవాతే మిగతావన్నీ. ఆవిణ్ణి ఎరగనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ఆ మాట మొదటే చెప్పేయడం మంచిది.

గుడివాడలో మందులూ మూలికలూ పరీక్షించే చిన్న ల్యాబు మాది. నేను చేరేనాటికి మూలికల విభాగానికి పెద్ద ఎస్తేరు గారు. ఆవిడ ఇప్పుడు లేరు. దివిసీమలో నాగాయలంక అవతల ఒక పల్లె వాళ్ళది. తల్లి కలుపు తీయడానికి కూలికి వెళ్తుంటే ఈవిడా వెంట వెళ్ళి మడిలో దిగేవారట. బందరులో బి.ఎస్సీ చదివి, ఇదే ల్యాబులో గాజు సామాను కడిగే పనికి చేరి, చూసి చూసి పని నేర్చుకుని అంత దూరం వచ్చారు. నేను బందరు పిల్లనే. మా తాతయ్య హెడ్మాస్టరు, నాన్న గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. చదువంటే మా ఇంటి సొత్తన్నట్టు మాట్లాడుకునేవాళ్ళు మావాళ్ళు. ఆ గీర నాకూ అంటింది. ఎం.ఫార్మసీ ర్యాంకు పెట్టుకుని ఒక బి.ఎస్సీ ఆవిడ కింద పనిచేయాలా అని ఆర్డరు కాగితం అందుకున్న రోజే మూతి ముడుచుకున్నాను.

మొదటి రోజే ఆవిడ నా ముందు ఒక తెల్లటి పలక పెట్టారు. మూలికని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన రసాన్ని సన్నటి గాజు గొట్టంతో ఆ పలక అడుగున చుక్కలుగా పెట్టాలి. తరవాత పలకని ద్రావకం పోసిన గాజు జాడీలో నిలబెట్టాలి. తడి మెల్లగా పైకి పాకుతుంది. రసంలో ఉన్న పదార్థాలన్నీ దానితో బయల్దేరి ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో ఆగిపోతాయి. ఏ మూలిక చుక్కల వరస ఆ మూలికదే. దీన్ని క్రొమటోగ్రఫీ అంటారు. నేను దాని మీద పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఎస్తేరు గారు మాత్రం, “పెడన చీర మొదటిసారి తడిపితే రంగు పారుద్ది చూశావా? అంతేనమ్మా,” అని తేల్చేశారు.

నేను పెట్టిన చుక్కలు అర్ధరూపాయి బిళ్ళల్లా పరుచుకున్నాయి. పక్కనే ఆవిడ పెట్టినవి ఆవగింజల్లా కుదురుగా కూర్చున్నాయి.

“ఊపిరి బిగబట్టకు. గొట్టం తగిలించి తీసెయ్. ఆరనియ్యి. మళ్ళీ తగిలించు.”

“అలాగే చేస్తున్నానండీ.”

“చేస్తున్నావు గానీ ఆరనివ్వట్లా. నీకు తొందరెక్కువ.”

ఆ మాట నన్ను ఎంత పొడిచిందంటే, అద్దె గదిలో ఆదివారాలు కూర్చుని అట్టముక్కల మీద టీ డికాక్షన్‌తో చుక్కలు పెట్టడం సాధన చేశాను. రెండు నెలలు చేశాను. ఇవాళ నా చెయ్యి బాగుంటుందని అంటారు. అది ఆవిడ మీది పంతంతో కుదిరిన చెయ్యి. ఒక్కసారైనా ఆవిడ కంటే చిన్న చుక్క పెట్టాలన్నది తప్ప నాకు వేరే ఆశయం ఉండేది కాదు. పని నేర్చుకోవడానికి అదీ ఒక దారే అనుకుంటాను.

ఫోన్ మోగితే ఇంకో బాధ. విజయవాడలో ఒక ఆక్యుపంక్చర్ డాక్టరుగారు చైనా నుంచి మూలికలు తెప్పించుకుని, రోగులకి ఇచ్చే ముందు మాకు పంపేవారు. నేను ఫోన్ ఎత్తితే, “ఎస్తేరు గారు లేరా అండీ?” అనేవారు. “నేను కూడా చెప్పగలనండీ,” అంటే, “పర్లేదమ్మా, ఆవిడ వచ్చాక చేస్తాను,” అని పెట్టేసేవారు. ఆవిడ రెండు గదుల అవతల టీ తాగుతూ ఉండేవారు. వెళ్ళి పిలవడానికి నాకు కాళ్ళు వచ్చేవి కావు.

ఒకసారి ఆయన తుంగగడ్డలు పంపారు. నేను వారం రోజులు వాటితోనే ఉన్నాను. మన పొలాల్లో దొరికే తుంగగడ్డల పక్కన పెట్టి చూస్తే చుక్కల వరస కలవలేదు. రెండు చుక్కలు వెలిసిపోయాయి, అడుగున కొత్తదొకటి వచ్చింది. పుస్తకాలన్నీ తిరగేసి, ఇవి తుంగగడ్డలు కావు, వేరేవేవో కలిపారు అని రిపోర్టు సిద్ధం చేసి ఆవిడ బల్ల మీద పెట్టాను. నిజం చెప్పాలంటే మోసం పట్టుకున్నానన్న సంబరం నా మొహంలో దాగలేదు. ఎస్తేరు గారు రిపోర్టు పక్కకి జరిపి ఒక గడ్డముక్క తీసుకున్నారు. వాసన చూశారు. కొరికి నమిలారు.

“ఇది మనదే. కలుపు తీసేటప్పుడు గోళ్ళలో ఇరుక్కునే వాసన నాకు తెలీదా? పైన పులుపేదో పట్టించారు. మనమూ పట్టించి చూద్దాం.”

మన గడ్డల్ని వినిగర్‌లో నానబెట్టారు. మర్నాడు పొద్దున ఇంటి నుంచి ఇనప మూకుడు తెచ్చి హాట్‌ప్లేట్ మీద వేయించారు. ల్యాబంతా ఆ కంపు. ఆ గడ్డల రసంతో నేనే చుక్కలు పెట్టాను, నా చేత్తోనే. వెలిసిన చుక్కలు వెలిసినట్టే, కొత్త చుక్క ఉన్నచోటే, వరస అచ్చంగా కలిసింది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, “అవునండీ, చైనాలో అలా వేయించే వాడతారు, చెప్పడం మర్చిపోయాను,” అని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా వారం రోజుల చదువు ఆవిడ ముక్కు ముందు నిలబడలేదు. పైగా రిపోర్టులో ఆవిడ నా పేరు ముందు రాసి తన పేరు కింద రాసుకున్నారు. ఆ మంచితనం నా కడుపుమంటకి కిరసనాయిలు పోసినట్టయింది.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. చుక్కలు విడిపోయిన పలకని యూవీ కిరణాల నీలి దీపం కింద పెట్టి, పైన గాజు పలక పరిచి, దాని మీద ట్రేసింగ్ కాగితం వేసి కనపడిన ప్రతి చుక్కనీ పెన్సిల్‌తో చుట్టాలి. ఇద్దరు మనుషులు, విడివిడిగా. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. తరవాత రెండు కాగితాలూ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. ఒక్క చుక్క తేడా వచ్చినా పరీక్ష మొదటికి వచ్చేది. ఫోటో తీస్తున్నాం కదండీ, ఇదంతా ఎందుకని నేను అడిగాను. “ఫోటో ఒక్క చూపే కదమ్మా. మనకి రెండు కావాలి,” అన్నారు. మొదటి కాగితం ఆవిడది. రెండోది, నేను చేరిన ఏడాది లోపే, నాది అయింది.

ఆవిడ చూపు మందగిస్తోందని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. సీసాల మీద పేర్లు నన్ను చదవమనేవారు. కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నారు. కొలజాడీలో ద్రావకం గీత దాటి పోసి, మళ్ళీ వంచేవారు. మిగతావాళ్ళెవరూ గమనించలేదు. నేను చూసినట్టు ఆవిణ్ణి ఎవరూ చూసేవారు కాదు మరి.

ఒక శుక్రవారం డాక్టరుగారి దగ్గర నుంచి కీళ్ళనొప్పులకి వాడే వేరు ముక్కలు వచ్చాయి. ఆ వేరు మంచిదే. కానీ ముక్కలు కోశాక అచ్చం అలాగే ఉండే ఇంకో వేరు ఉంది. అది మూత్రపిండాలు పాడుచేస్తుంది. అది కలిసిందా లేదా అన్నదే మా పరీక్ష. ఇలాంటివి కచ్చితంగా తేల్చే పెద్ద మిషన్ మా దగ్గర ఉన్నా, ఆ వారం దాని పంపు చెడిపోయి ఉంది కాబట్టి పలక మీదే తేల్చాలి. సోమవారం నుంచి రోగులకి ఇవ్వాలని ఆయన తొందరపడుతున్నారు. ఎస్తేరు గారు తన కాగితం గీసి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. తరవాత నేను దీపం కింద చూశాను. డాక్టరుగారి వేరు వరసలో, ఆ చెడ్డ వేరు చుక్క వచ్చే ఎత్తులో, లేత నీలంగా ఒక చుక్క వెలుగుతోంది. దాన్ని గీశాను. గీసి, చూడకూడని ఆవిడ కాగితం వంక చూశాను. అక్కడ ఆ చుక్క లేదు.

రబ్బరు తీసుకుని నా చుక్క చెరిపేశాను.

ఎందుకు చెరిపానో నాకు అప్పుడే తెలుసు. ఆ తప్పు ఆవిడ సంతకం కింద బయటికి వెళ్ళాలి. ఎప్పుడో ఒకనాడు బయటపడాలి. ఆ రోజు ఆ డాక్టరుగారు ఫోన్ చేసి నన్ను అడగాలి. ఆ వేరు కాచుకుని తాగే మనుషులు ఆ నిమిషాన నా తలలోకి రాలేదు. రాలేదని చెప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది. కిటికీ అద్దం మీద రెండు కాగితాలూ చక్కగా కలిశాయి. కింద రెండో సంతకం నేనే పెట్టాను. రిపోర్టు సాయంత్రానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఎస్తేరు గారు ఆ కాగితాల్ని జిగురుతో పుస్తకంలో అంటిస్తున్నారు. ముడతలు పోవడానికి వేలితో రుద్దుతుంటే, నా కాగితం మీద వేలు ఒకచోట ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. పెన్సిల్ గీత చెరిగినా కాగితం మీద దాని నొక్కు ఉంటుందని నాకు తట్టలేదు.

“ఇక్కడ ఏదో గీశావు.”

నేను జిగురు సీసాకి మూత పెట్టాను.

“గీసి చెరిపావు. చుక్క చూశావా, వసుధా?”

“చూశానండీ.”

“నా కాగితం చూడకముందు చెరిపావా, చూశాకా?”

“చూశాక.”

ఆవిడ పుస్తకం మూసేశారు. లేచి వెళ్ళి ఫోన్ తీసుకున్నారు. “డాక్టరుగారూ, ఎస్తేరునండీ. ఆ వేరు ఎవరికీ ఇవ్వొద్దండీ. సంచీ ముట్టుకోవద్దు. రిపోర్టు తప్పు... లేదండీ, మిషన్ కాదు. నేనే. నాకు కళ్ళు కనపడట్లేదు, శుక్లాలు ముదిరినట్టున్నాయి. నేను చూడలేకపోయాను.” నా పేరు వస్తుందేమోనని గోడకి ఆనుకుని నిలబడ్డాను. రాలేదు. ఆయన ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. ఆ రోజే చిక్కటి రసంతో మళ్ళీ పరీక్ష చేశాం, చుక్క స్పష్టంగా వచ్చింది. బాగుచేశాక మిషనూ అదే మాట చెప్పింది. తప్పు నాదేనని అంత తేలిగ్గా నోటితో అనగలిగిన మనిషిని చూసి, అంత సిగ్గులోనూ, నేను అసూయపడ్డాను.

నన్ను తీసేస్తారనుకున్నాను. ఆవిడ యజమాని దగ్గరికి వెళ్ళి, ఇక నేను పలకలు చదవను, వసుధ చదువుద్ది అని చెప్పి, నెల తిరక్కుండా ఉద్యోగం మానేసి ఊరు వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ నేను కన్నేసిన కుర్చీ నాదయింది. ఫోన్ చేసిన డాక్టరుగారు నన్నే అడగసాగారు. ప్రతిసారీ ఆయనకి నిజం చెప్పేయాలనిపించేది. చెప్పేదాన్ని కాదు.

ఆవిడకి కంటి ఆపరేషన్ అయిందని విని, ధైర్యం కూడదీసుకుని ఒక ఆదివారం వెళ్ళాను. బందరు వచ్చి, అవనిగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో. ఆవిడ చర్చి నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. నన్ను చూసి ఏమీ జరగనట్టు పీట చూపించారు.

“ఆపరేషనయ్యేదాకా తెలీలేదమ్మా, ఆకాశం ఇంత నీలంగా ఉంటదని,” అన్నారు.

నేనూ ఒక కట్ట తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. కట్ట సగమయ్యాక అడిగాను. “నన్ను ఎందుకు తీసెయ్యలేదండీ?”

“నేనంటే నీకు పడదని నువ్వు చేరిన వారానికే తెలుసు నాకు. నేను గొట్టం పట్టుకుంటే నా చేతి వంకే చూసేదానివి, ఎప్పుడు వణుకుద్దా అని. మిగతావాళ్ళు నేనేం గీస్తే అదే గీసేవాళ్ళు. నేనంటే గౌరవం వాళ్ళకి. గౌరవమున్నోళ్ళకి నా తప్పు కనపడదు. అందుకే రెండో కాగితం నీ చేతికిచ్చా.” ఆవిడ చేతులు ఆగలేదు. “కుళ్ళుబోతు పిల్ల, నా తప్పు దొరికితే ఊరంతా చాటుద్దిలే అనుకున్నా. దాస్తావనుకోలేదమ్మా.”

కోపంగా అని ఉంటే బాగుండేది. వచ్చేటప్పుడు ఒలిచిన ఆకులో సగం సంచీలో పోసి, పప్పులో వేసుకోమని నా చేతిలో పెట్టారు. మరుసటి వారం విజయవాడ వెళ్ళి డాక్టరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ తరవాత ఆయన కొన్ని నెలలు మాకు మూలికలు పంపలేదు.

ఇప్పుడు మొదటి కాగితం నాది. రెండో కాగితం నా దగ్గరున్న అమ్మాయిలిద్దరిలో ఎవరో ఒకరు గీస్తారు. ఇద్దరూ బుద్ధిమంతులు, బాగా చదువుకున్నవాళ్ళు, నేనంటే ఎంతో గౌరవం. కిటికీ అద్దం మీద మా కాగితాలు ఎప్పుడూ కలుస్తాయి. అప్పుడప్పుడూ నేను కావాలనే ఒక చుక్క గీయకుండా వదిలేస్తాను. ఓరగా నా కాగితం చూసి వాళ్ళూ వదిలేస్తారు. చీవాట్లు పెడితే, “మీకు కనపడనిది మాకు కనపడుతుందా మేడమ్?” అంటారు. నిజంగానే అంటారు. ఆవిడ చెయ్యి నాకు వచ్చింది, కుర్చీ వచ్చింది, ఫోన్లూ వచ్చాయి, వాటి మీద నాకిక కుళ్ళు లేదు. కానీ రెండో కాగితానికి ఎస్తేరు గారికి నేను దొరికాను. నాకింకా ఎవరూ దొరకలేదు.