ఆకు మీద మచ్చ పడకముందే

మొన్న నాయుడుపేట దగ్గర ఒక పొలం గట్టున, వ్యవసాయ శాఖలో పనిచేసే అమ్మాయి ఒకతె వరి ఆకును చిన్న గొట్టంలో నూరి, ముప్పావు గంటలో అగ్గి తెగులు ఉందో లేదో చెప్పేస్తుంటే, రిటైరై ఇన్నేళ్లయిన నేను చెప్పులు చేతపట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మా రోజుల్లో అదే పనికి రెండు రోజులు పట్టేది. నేను పరిశోధన కేంద్రంలో కొత్తగా చేరిన ఏడాది, గూడూరు పక్కన మా నాన్న నారుమడి పచ్చగా నవనవలాడుతుండగానే, మంచు పడే కాలం కదా, అగ్గి తెగులు సోకిందేమో అన్న అనుమానంతో నాలుగు ఆకులు తెచ్చి పీసీఆర్ పరీక్షకు పెట్టాను. కంటికి మచ్చ కనిపించకముందే ఆకులో దాగిన శిలీంధ్రం జన్యువును పట్టిచ్చే పరీక్ష అది. తెగులుంటే జెల్ అనే పల్చటి జిగురు పలక మీద ఒక గీత మెరుస్తుంది. మెరిసింది. ఆ సంబరంలో మిగతావేవీ చూసుకోకుండా నాన్నకు ఫోన్ చేసి మందు కొట్టమన్నాను. తర్వాత చూద్దును కదా, సరిచూసుకోవడానికి ఉత్త నీళ్లు పోసి పెట్టిన గొట్టంలోనూ అదే గీత. అంటే నా చేతుల మీదుగానే ఎక్కడో కల్తీ జరిగింది, ఇక ఆ ఫలితానికి విలువ లేదు.

సిగ్గుతో కుంగిపోతూనే మళ్లీ ఫోన్ చేసి, పొరపాటు నాదేనని, ఆగమని చెప్పాను. పచ్చటి నారుకు మందేమిటని పక్క మడి మేనమామ అప్పటికే నవ్వుతున్నాడట. నాన్న మాత్రం నెమ్మదిగా అన్నాడు: "తప్పని నీ నోటితో నువ్వే చెప్పినావు కదమ్మా. ఈసారి నువ్వేం చెప్పినా నమ్ముతా."

బల్లలు కడిగి, రసాయనాలన్నీ కొత్తవి కలిపి, తాజా ఆకులతో మళ్లీ చేశాను. ఈసారి నీళ్ల గొట్టంలో గీత లేదు, నాన్న మడి ఆకుల్లో ఉంది. ఆ సాయంత్రమే నాన్న మందు కొట్టించాడు. వారం తిరక్కముందే మామ మడిలో నూలుకండె ఆకారపు మచ్చలు లేచి నారంతా మాడిపోయింది. మా మడి నిలిచింది. మిగిలిన నారు మామకే ఇచ్చి, మా పాప ముందే చూసి చెప్పిందని నాన్న కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడట. ఉద్యోగంలో తర్వాత ఎన్ని ప్రశంసాపత్రాలు అందుకున్నా ఆ మాటకు సాటి రాలేదు.

ఇప్పుడు ఫలితం నేరుగా రైతు ఫోన్‌కే మెసేజై పోతోంది, మంచిదే, ఎన్ని మడులు బతుకుతున్నాయో. కానీ తప్పు ఒప్పుకుంటున్న ఒక గొంతును అటువైపు మనిషి ఓపిగ్గా విని, ఆ గొంతునే నమ్మి పొలంలోకి దిగిన రోజులు మన తరంతోనే పోయాయేమో.