రోజ్-ఆర్మెల్ పేరులో రెండో సగం

వారంలో మూడు రోజులు పొద్దున్న ఎనిమిదింటికి, కాంకాల్ రేవులోని తినే ఆల్చిప్పల షెడ్డు ముందు బడిసంచీతో ఓ పిల్ల ఆగుతుంది. లోపల చిప్పల్ని సైజుల వారీగా ఏరుతున్న ఆర్మెల్ తడిచేతులు తుడుచుకుంటూ బయటికి వస్తుంది.

"రోజ్, చలిగా ఉంది. మఫ్లర్ చుట్టుకో."

"సగమే పిలిచావు. ముద్దు పెట్టను, ఫో!"

"రోజ్-ఆర్మెల్," అంటుంది ఆమె, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంటూ. ఎనిమిదేళ్లయినా ఆ పేరులో తన పేరు పలకడానికి ఆమెకు సిగ్గే.

ఆర్మెల్ పెళ్లి చేసుకోలేదు. పక్కింటి రోజ్ జబ్బుచేసి పోతే, ఆమె నాలుగేళ్ల కూతురు గ్వెనోలాను తెచ్చి పెంచుకుంది. ఆ పిల్ల "పిన్నీ" అనేది. అమ్మా అనమని ఆర్మెల్ ఏనాడూ అడగలేదు.

పెళ్లయ్యాక గ్వెనోలాకు ఆడపిల్ల పుట్టింది. భర్త వాళ్లింట్లో తొలి ఆడపిల్లకు అమ్మమ్మ పేరూ నాయనమ్మ పేరూ కలిపి పెట్టడం ఆనవాయితీ. పుట్టిన ఐదు రోజుల్లో పేరు మునిసిపల్ ఆఫీసులో రాయించాలి. నాలుగో రోజున అత్తగారు సొలాంజ్ రెన్ పట్నం నుంచి దిగింది.

"రోజ్-సొలాంజ్! ఎంత హుందాగా ఉందో," అంది ఆర్మెల్, ఎవరూ అడగకముందే.

"నేను రోజ్-ఆర్మెల్ అనుకున్నాను పిన్నీ," అంది గ్వెనోలా, తలెత్తకుండా.

ఆర్మెల్‌కు ఆ రెండు పేర్లూ పక్కపక్కన వినాలని తనకెంత ఆశో అప్పుడే తెలిసింది.

"పిచ్చా నీకు? పక్కింటిదాన్ని నేను. అత్తగారి పేరు తీసి నాది పెడితే రేవంతా నవ్వదూ?"

సొలాంజ్ సంచీలోంచి వెండి గ్లాసు తీసింది. పసితనంలో ఆవిడ తాగిన గ్లాసు. దానిమీద 'సొలాంజ్' అని చెక్కి ఉంది.

"వదినగారూ, పిల్ల పాలు తాగినప్పుడల్లా నా పేరే చూస్తుంది. ఇంకెక్కడెక్కడ ఎక్కిస్తారు నన్ను?"

"మరి ఆనవాయితీ?"

"ఆనవాయితీకి ఇద్దరి పేర్లు కావాలి, అంతేగా! పెంచినావిడ అమ్మమ్మ కాదా ఏం? అయినా రోజ్-సొలాంజ్ అంటే సబ్బు పేరులా ఉంది."

గ్వెనోలా పకపకా నవ్వి, ఆ వెంటనే ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం ఆర్మెల్ సొలాంజ్ కోసం మూడు డజన్ల ఆల్చిప్పలు ఒలిచింది. ఒక్కో చిప్పమీదా నిమ్మకాయ పిండి ఆవిడ ముందుకు జరుపుతూ కూర్చుంది.

ఆర్మెల్‌కు ఇప్పుడు డెబ్బై ఒకటి. వారానికి మూడు పూటలు షెడ్డుకు వెళుతుంది. బడి లేని బుధవారాల్లో రోజ్-ఆర్మెల్ ఆమె దగ్గరే భోంచేస్తుంది.