హలో అత్త తర్జుమా

మా మేనత్తను వీధిలో అందరూ హలో అత్త అంటారు. స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో పన్నెండేళ్ళు టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుంది. ఆ పన్నెండేళ్ళలో ఒక్క కాల్ కూడా తప్పు గదికి కలపలేదని ఆమెకు మహా గొప్ప. ఇప్పటికీ ఇంట్లో ఫోన్ మోగితే వీపు నిటారుగా పెట్టి, జుట్టు సర్దుకుని గానీ ఎత్తదు.

హోటల్‌కు విదేశీయులు వచ్చేవాళ్ళు కాబట్టి ఆమెకు వాళ్ళ భాష వచ్చింది. వచ్చిందంటే హోటల్‌కు సరిపడా వచ్చింది. వేడినీళ్ళు ఆరింటికి వస్తాయి, దుప్పట్లు మార్పిస్తాం, మీకు కలిగిన ఇబ్బందికి మన్నించండి. భయం, గాయం, చావు ఆ భాషలో ఏమంటారో ఆమెకు తెలియదు. అవి కావాలని ఏ గదిలోంచీ ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

బలమైన దేశాలు పరాయి గొడవల్లోకి సైన్యాన్ని పంపవచ్చా అన్న విషయం మీద నేను దొరికినవన్నీ చదివాను. పంపకూడదనే నా అభిప్రాయం. వాళ్ళు రావలసిన చోటికి రారు, వచ్చిన చోట నిలవరు, పోయేటప్పుడు ఏదో ఒకటి మూటగట్టుకోకుండా పోరు. ఈ మాట అత్త ముందు ఎత్తితే కాదనదు, అవుననదు. "నువ్వు పుట్టావుగా, ముందు టీ తాగు" అంటుంది.

నేను పుట్టడానికి మూడు నెలల ముందు, ఊరితో తగువుపడి కొండమీద మాటువేసినవాళ్ళ ఫిరంగులు ఊరిమీదికి తిరిగాయి. హోటల్ కింద బట్టలుతికే గది, బాయిలర్ గది, సామాన్ల గది ఉన్నాయి. ఆ మూడింట్లో రెండువందల పన్నెండు మంది సర్దుకున్నారు. మా అమ్మ మడతపెట్టిన దుప్పట్ల గుట్టమీద కూర్చునేది, కింద కూర్చుంటే లేవలేక. అత్త భర్త, మా మామయ్య, సిటీ బస్సు డ్రైవరు. డిపోలో డీజిల్ లేక బస్సు ఆగిపోయింది. బస్సు లేని డ్రైవరు ఇంట్లో ఉంటే ఎంత నసో ఆ నెలలోనే తెలిసిందని అత్త అంటుంది.

ఒక రోజు మధ్యాహ్నం నాలుగు లారీల్లో ఇరవై మంది విదేశీ సైనికులు వచ్చారు. పై అంతస్తులో తమ దేశంవాళ్ళు తొమ్మిది మంది చిక్కుకుపోయారని, వాళ్ళను తీసుకుపోవడానికి. తుపాకీ పట్టుకుని కెప్టెన్ లోపలికి రాగానే అత్త ఎదురెళ్ళి, మా హోటల్‌కు స్వాగతం, మీ గది సిద్ధమవుతోంది, కాసేపు కూర్చోండి అంది. ఫిరంగి గుండుకు మాట తెలియక, పైనుంచి చప్పుడు ఎక్కువగా ఉందని అతిథులు ఫిర్యాదు చేస్తున్నారని చెప్పింది. ఆ పొడుగాటి కెప్టెన్ గోడకు ఆనుకుని నవ్వాడట. వచ్చిన దగ్గర్నుంచి అదొక్కసారే నవ్వాడట.

దారి బాగాలేక వాళ్ళు రెండు రోజులు ఆగారు. వాళ్ళ జెండా ఉన్న లారీ గుమ్మంలో నిలబడినంతసేపూ మా వీధిమీద ఒక్క గుండూ పడలేదు. పక్కవీధిలో పడ్డాయి. అందుకని లారీలు కదిలిన మర్నాడు ఏమవుతుందో నేలమాళిగలో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

రెండో రోజు సాయంత్రం కెప్టెన్ కిందికి దిగాడు. రేపు పొద్దున ఆరింటికి వెళ్ళిపోతున్నామని, వీళ్ళు వేరే చోటు చూసుకోవడం మంచిదని చెప్పడానికి. మొదటి వాక్యం చెప్పి, తర్జుమా కోసం ఆగాడు. వాళ్ళ భాషలో మేము, మనం అని రెండు లేవు. రెంటికీ ఒకటే మాట. పన్నెండేళ్ళుగా ఆ మాటను అత్త మేము అనే చెప్పేది. హోటల్‌కూ అతిథికీ మధ్య మనం ఎక్కడుంటుంది? ఆ సాయంత్రం రెండువందల మొహాలు ఆమె నోటివంకే చూస్తున్నాయి.

"రేపు పొద్దున ఆరింటికి మనం బయల్దేరుతున్నాం" అంది.

ఎవరూ కేక పెట్టలేదు. బాయిలర్ చూసుకునే ముసలాయన మాత్రం, సామాను ఎంత తెచ్చుకోవచ్చో అడగమన్నాడు. అత్త అడిగింది. పైనున్న తొమ్మిది మంది సంగతి అడుగుతోందనుకుని కెప్టెన్, మనిషికి ఒక సంచి అన్నాడు. దాన్ని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. జనం సంచులు సర్దుకోవడానికి లేచిపోయారు. ఆయన చెప్పదలిచిన రెండో వాక్యం ఆ సందడిలో ఆయన దగ్గరే ఉండిపోయింది.

పెద్దయ్యాక అడిగాను, నిజంగా పొరపాటేనా అని. అత్త ఆలోచించలేదు.

"నోరు జారింది నిజమేరా. సంచి మాట అడిగేసరికి తెలిసిపోయింది. తెలిశాక దిద్దకపోవడం మాత్రం నేను చేసిన పనే."

పొద్దున ఆరింటికి రెండువందల పన్నెండు మంది, మనిషికో సంచితో, లారీల ముందు వరసకట్టారు. ఏం చెప్పావు వీళ్ళకి అని కెప్టెన్ అడిగాడు. మీ బృందం సిద్ధంగా ఉంది సార్ అంది అత్త. అది కూడా హోటల్ మాటే. ఆయన ఇరవై నిమిషాలు వైర్‌లెస్‌లో మాట్లాడాడు. అవతలినుంచి తొమ్మిది అన్న అంకె మళ్ళీమళ్ళీ వినబడిందట. చివరికి దాన్ని కట్టేసి, నడవలేనివాళ్ళు లారీల్లోకి, మిగిలినవాళ్ళు లారీల మధ్య నడవాలి అని చేత్తో చూపించాడు. దానికి తర్జుమా అవసరం లేకపోయింది.

మా అమ్మను రెండో లారీ ఎక్కించారు. ఫిరంగులకు అందని పక్క పట్నానికి గంట దారి, ఏడు గంటలు పట్టింది. మధ్యలో కొండమీదినుంచి కాల్పులు మొదలయ్యాయి. నడిచేవాళ్ళకు కాపుగా నిలబడ్డ ఒక సైనికుడి కాలు మోకాలి దాకా పోయింది. అతనికి ఇరవై ఏళ్ళు. నా లెక్కలన్నీ ఇక్కడికి వచ్చేసరికి తడబడతాయి. అతన్ని ఎవరూ అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. నేను మాత్రం రెండు కాళ్ళమీద తిరుగుతున్నాను.

కథ ఇక్కడే ఆగితే నేను చదివిన పుస్తకాలు అమ్మేసుకునేవాణ్ణి. పదకొండు రోజుల తర్వాత మామయ్య ఎక్కడో డీజిల్ సంపాదించి, కదల్లేక మా ఊరి ఆసుపత్రిలో ఉండిపోయిన నలుగుర్ని తీసుకురావడానికి వెనక్కి వెళ్ళి, డిపోలో ఆగిన బస్సు తీశాడు. వస్తుండగా వంతెన మీద ఆ కెప్టెన్ దేశపు విమానాలే బాంబులు వేశాయి. కొండమీదికి సరుకు పోయే దారి అదే. వంతెన కూలిన వారానికి ఫిరంగులు ఆగాయి, ఊరు బతికింది. వాళ్ళ ప్రకటనలో వంతెన, ఒక వాహనం అని రాశారు. మామయ్య, ఆ నలుగురూ ఆ వాహనంలో ఇమిడిపోయారు.

ఏడాదికి అదే హోటల్ లాబీలో వాళ్ళ సైన్యం విచారణ పెట్టింది. ముగ్గురు పెద్దమనుషులు, వాళ్ళకొక దుబాసీ అమ్మాయి. ఆజ్ఞ మీరి జనాన్ని తెచ్చాడని, దానివల్ల సైనికుడి కాలు పోయిందని కెప్టెన్ మీద ఆరోపణ. ఆయన ఉద్యోగం అత్త చెప్పే మాటమీద ఉంది. జనం ఆయన పిలిస్తే వచ్చారా, లేక తర్జుమా తప్పితే వచ్చారా? తప్పు తనదంటే కెప్టెన్ బయటపడతాడు. తన పన్నెండేళ్ళ గొప్ప మాత్రం మేనేజరు కళ్ళముందే పోతుంది. హోటల్ మళ్ళీ తెరుస్తున్నారు, బోర్డు దగ్గరికి మనిషి కావాలి.

వెళ్ళొద్దని నాన్న గట్టిగా పట్టుబట్టాడు. "బావను చంపినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ కెప్టెన్ ఏమైపోతే నీకేమిటక్కా?"

"నీ కొడుకు ఎవరి లారీలో వచ్చాడ్రా?" అందట అత్త. నాన్న నన్ను అమ్మ చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ నన్నెత్తుకుని అత్త వెంట వెళ్ళింది. అక్కణ్ణుంచి జరిగింది అమ్మ చెప్పిందే.

అత్త నిలబడి, తప్పు నాది, ఆయన మేము అన్నారు, నేను మనం అన్నాను అంది. దుబాసీ అమ్మాయి నోరు తెరిచి ఆగిపోయింది. చివరికి ఆమె చెప్పింది ఆ ముగ్గురికీ ఎలా వినబడిందంటే, ఆయన ఏ మాట అన్నాడో ఈవిడా అదే మాట అంది. మరి తప్పెక్కడ అని వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

అత్త బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ముగ్గురు పెద్దమనుషుల్నీ భుజాలు పట్టి కిటికీవైపు జరిపి, వాళ్ళ చుట్టూ గాల్లో గీత గీసి, మేము అంది. తర్వాత దుబాసీనీ, అమ్మనూ, నన్నూ, చేతిలో తాళాలగుత్తితో ఉన్న మేనేజరునూ లాక్కొచ్చి వాళ్ళ మధ్యలో నిలబెట్టి, మనం అంది. పొట్టివాడైన ఒక పెద్దమనిషి కాలు మేనేజరు తొక్కాడు. నేను ఏడుపు లంకించుకున్నాను. అందరికీ అర్థమైంది.

ముగ్గురిలో పెద్దాయన ఆమె చెప్పింది రాసి, సంతకం కోసం కాగితం తిప్పాడు. అత్త కలం తీసుకుని, మళ్ళీ బల్లమీద పెట్టేసింది. నెల రోజులు నిఘంటువు ముందేసుకుని నేర్చుకున్న మాటలతో వాళ్ళ భాషలోనే చెప్పింది. వంతెన మీద పోయింది వాహనం కాదు, నా భర్త, ఇంకో నలుగురు, అయిదు పేర్లూ కింద రాయండి. అది ఈ విచారణ పరిధిలో లేదన్నాడాయన. అత్త కూర్చుంది. ఎంతసేపైనా కూర్చోగలదు, అదే ఆమె ఉద్యోగం. చివరికి ఆయన రాశాడు. అత్త అక్షరం అక్షరం చదివి, మామయ్య పేరులో ఒక తప్పు దిద్దించి, సంతకం పెట్టింది.

కెప్టెన్ ఉద్యోగం నిలిచింది. అత్తను హోటల్ తీసుకోలేదు. బస్సు డిపోలో విచారణ కౌంటర్ ఇచ్చారు, ఇప్పటికీ అక్కడే.

ఆ రోజు లేచి వచ్చేముందు, కెప్టెన్‌కు తన కృతజ్ఞతలు అందజేయమని అడిగింది. దుబాసీ అమ్మాయి రాసుకుంటూ, కెప్టెన్‌కేనా, దేశానికి కూడానా అంది.

"ఆయనకూ, కాలు పోయిన ఆ అబ్బాయికీ. దేశం సంగతి ఇంకా ఆలోచిస్తున్నానని రాయమ్మా" అంది అత్త.