ఉర్లి నీళ్ళు పారబోసిన ఆశమ్మ

మా గోపన్‌పల్లి ఆశమ్మ మొన్న గుండెపోటుతో పోయారు. ఇంటింటికీ తిరిగి గర్భిణుల బాగోగులు కనుక్కునే ఆశా కార్యకర్త ఆవిడ. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెడితే నాలుగు దండం బొమ్మలు వచ్చాయి. ఐదో మెసేజ్ ఈతకొలను టైమింగ్స్ గురించి. ఒళ్ళు మండింది. కానీ అసలు అసహ్యించుకోవాల్సింది నన్ను నేనే.

ఆవిడ వారం వారం వచ్చేవారు. సెక్యూరిటీవాళ్ళు సర్వీస్ లిఫ్టులోనే పంపేవారు. పూలకుండీ కింది పళ్ళెం, ఫ్రిజ్ వెనక ట్రే, నీళ్ళు నిలిచే చోటు ఏదీ వెతక్కుండా వదిలేవారు కాదు. మేమేమో ఆదివారం దోమల పొగ కొట్టించి చేతులు దులుపుకునేవాళ్ళం. "పొగకు ఎగిరే దోమ సస్తది. నీళ్ళల్ల ఉన్న పురుగుకు ఏం గాదు బిడ్డా," అనేవారు.

మా అంతస్తులో ప్రతి గుమ్మం ముందూ ఒక ఇత్తడి ఉర్లి ఉండేది. వెడల్పాటి ఆ పాత్రలో నీళ్ళు పోసి పూలు వేస్తే లక్ష్మి వస్తుందని ఎవరో చెప్పారు. రోజూ పూలు మార్చేవాళ్ళం, నీళ్ళు మాత్రం కాదు. పైన తాజా రేకులు, అడుగున జిగురు, కుళ్ళు కంపు, మెలికలు తిరిగే పురుగులు. ఒకరోజు ఆవిడ మా ఉర్లిని ఎత్తి బోర్లించేశారు. అప్పుడు నాకు ఎనిమిదో నెల.

"శుక్రవారం పూట లక్ష్మిని పారబోసిందండీ!" అని మా అత్తగారు ఒకటే ఏడుపు. నేను అసోసియేషన్‌కు ఫిర్యాదు రాశాను. ఆవిడను గేటు దగ్గరే ఆపేశారు.

పదిరోజులకు నాకు జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. మా పనమ్మాయి చెబితే ఆవిడ వాచ్‌మన్‌తో గొడవపడి మరీ పైకి వచ్చారు. నొప్పుల మాత్ర నోట్లో వేసుకోబోతుంటే లాక్కున్నారు.

"ఏ గోలి వడితె ఆ గోలి మింగుతవా? కడుపుల బిడ్డున్నది. ముందు దవాఖానకు నడువు!"

డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. నెల ముందే కాన్పయింది. జ్వరం బిడ్డకూ సోకి ఉండొచ్చని డాక్టర్లు పాపను గాజుపెట్టెలో పెట్టారు. రిపోర్టు వచ్చేదాకా నేను ఎలా బతికానో నాకే తెలియదు. దేవుడి దయ, ఏమీ సోకలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ చూడటానికి వచ్చారు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఆ కాయితం రాసింది నువ్వేనని నాకెరుకనే. వాచ్‌మన్ సూపెట్టిండు. ఇగ అది ఇడిశిపెట్టు. పాపను జూపియ్యి," అన్నారు.

చూపించాను. ఆవిడ పాపకు చుట్టిన గుడ్డ విప్పి, అరికాళ్ళు, మోచేతులు, చెవుల వెనక దోమకాటు ఉందేమోనని వెతికారు. చివరికి మూసిన పిడికిలి మెల్లగా తెరిచి, ఒక్కో వేలూ చూశారు.