వాన వెంట పడిన రోజులు

ఆ రోజుల్లో స్నేహితుల్ని పోగొట్టుకోవడం అంత సులువు కాదు. ఊరైనా మారాలి, పెళ్లయినా కావాలి, కనీసం మాటా మాటా అయినా అనుకోవాలి. నేను ఇవేవీ చేయకుండా, హిందూపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఆపరేటర్ కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నలభై మందిని ఒకేసారి పోగొట్టుకున్నాను. డిగ్రీలో మా క్లాసు వాళ్లంతా ఒక సైట్లో గుంపు పెట్టుకున్నాం. తలా ఒక మండలం నుంచి వచ్చినవాళ్లం కాబట్టి జిల్లాలో ఎక్కడ నాలుగు చినుకులు రాలినా మధ్యాహ్నానికల్లా మా గుంపు తడిసిపోయేది. రెండు వేల తొమ్మిది ప్రాంతంలో ఆ గుంపు ఉన్నట్టుండి ఎండిపోయింది. ఎప్పుడూ చూడని ఒక మూల "అందరం కొత్తదానికి పోయినాం, నువ్వూ రా" అని రాసి ఉంది. అదీ మూడు నెలల కిందటిది. (ఆ మూడు నెలలూ నేను ఒక్కొక్కరి గోడ మీద శుభోదయాలు రాస్తూనే ఉన్నాను. జవాబు రాకపోతే పాపం ఉద్యోగాల్లో తీరిక లేదనుకున్నాను.)

మామూలు ఏడాదయితే ఇంకో మూడు నెలలు అలాగే గడిపేదాన్నేమో. ఆ ఏడు చిలమత్తూరు పక్క ఒక్క వానా పడలేదు. మా నాయనకు నూటా ఇరవై జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ కలిపి. చుట్టుపక్కల మేత అయిపోయింది. వాన పడిన చోటికి మందను తోలుకుపోవాలి, లేదంటే ఆదివారం సంతలో అమ్మేయాలి. రోజూ నేను బస్సు దిగి ఇంటికి రాగానే నాయన అదే అడిగేవాడు.

"పేపర్లో ఏమేసినారు పాపా?"

"అక్కడక్కడ చెదురుమదురు జల్లులంట నాయనా."

"ఆ అక్కడక్కడ అనే ఊరు యాడుండాదో కనుక్కోమ్మా. జీవాల్ని తోలుకోని పోతా."

ఫోన్ నంబర్లు తెలిసిన స్నేహితులు ఇద్దరే, వాళ్లు మా క్లాసు కాదు. ఇద్దరూ బెంగళూరులో చేరిపోయారు. అక్కడ వాన పడితే ట్రాఫిక్ కబురే తప్ప గడ్డి కబురు రాదు. ఇక కొత్త సైటే దిక్కు. బుధవారం అందులో ఖాతా తెరిచాను. తెరవగానే అది, నేను ఎవరెవర్ని ఫాలో కావాలో తనే ఒక జాబితా ఇచ్చింది. ఒక హీరో, ఒక క్రికెటరు, ఒక ఢిల్లీ నాయకుడు. ముగ్గురినీ మొహమాటానికి ఫాలో అయ్యాను. ఒక్కరికీ గొర్రెల మేత గురించి అభిప్రాయం లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఫాలో అంటే ఏమిటో వివరించబోయాను. "కావలసినవాళ్లను ఎతుక్కోని, వాళ్ల యెంట పడాల మా" అన్నాను. (ఇంతకంటే మంచి తెలుగు అప్పుడు తట్టలేదు.) అమ్మ చేతిలో గంటె ఆగిపోయింది.

"ఏమే, మొగపిల్లోళ్ల యెంట పడేదానికా నిన్ను డిగ్రీ సదివిచ్చింది?"

"నువ్వుండుమే," అన్నాడు నాయన. "మరి నీ యెంట ఎంతమంది వస్తాండారు పాపా?"

"ఇద్దరు నాయనా." (ఒకటి ఏదో లోన్ల కంపెనీ. రెండోది పొరపాటున తెరిచిన నా ఇంకో ఖాతా.)

"నా యెంట నూటా ఇరవై," అని నాయన మీసం మీద చెయ్యేశాడు. "సదువు ల్యాకుండానే."

గురువారమంతా వెతికాను. అప్పుడు తెలిసింది అసలు కష్టం. కొత్త సైట్లో అందరూ సొంత పేర్లు పెట్టుకున్నారు, నాకేమో ఎవరి సొంత పేరూ తెలియదు! కాలేజీలో లెక్చరర్లు హాజరు నంబర్లతో పిలిచేవాళ్లు, మేం ముద్దుపేర్లతో పిలుచుకునేవాళ్లం. వాన కబురు అందరికంటే ముందు చెప్పేవాడి పేరు మాకు "ఉరుము". మెల్లగా మాట్లాడటం చేతకాదు కాబట్టి. హాజరు పట్టీలో నలభై రెండు. వాడి పేరు కుళ్లాయప్ప అని ఎప్పుడో ఎవరో అన్నట్టు గుర్తు. మా జిల్లాలో ఆ పేరు వీధికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక రకంగా రాస్తారు. పదకొండు మంది కుళ్లాయప్పల వెంట పడ్డాను. ఒకాయన బస్సు కండక్టరు, "మీరెవురు మేడం, చిల్లర ఇయ్యాల్నా?" అని అడిగాడు. ఇంకొకాయన గులాబీ బొమ్మ పంపాడు. ఆయన వెంట పడటం వెంటనే మానుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం బుద్ధొచ్చింది. మనుషుల్ని కాదు, మాటను వెతకాలి. వాన పడి నేల విత్తనానికి సరిపడా తడిస్తే మా పక్క ఒకే ఒక మాట అంటారు. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, "పదునైంది" అని. మొదట వచ్చినాయన కోస్తా వైపు మనిషి, కొత్త కత్తిపీట గురించి మురిసిపోతున్నాడు. రెండో ఆయన ఎవరి విమర్శో చాలా పదునైందంటున్నాడు. మూడోది చూసి కుర్చీలోంచి లేచాను. "రేత్రి మా సేన్లో మంచి పదునైంది. కప్పలు అరుస్తాండాయి." ఫోటో ఉండాల్సిన చోట పొద్దుతిరుగుడు పువ్వు. పేరు చూస్తే కుళ్లాయప్ప కానే కాదు, ఓబులేసు!

"నువ్వు ఉరుమువేనా?" అని రాశాను.

నా ఫోటో చూసి గుర్తుపట్టాడేమో, నిమిషంలో జవాబు. "ఏమ్మే ముప్పై ఆరూ! ఇన్నాళ్లు యాడ సచ్చినావు?"

నా హాజరు నంబరు అది. కళ్లు కాస్త తడిశాయి, మా పక్క ఆ ఏడాది అదే మొదటి తడి. వాడు ఫాలో అయ్యేవాళ్ల జాబితా తెరిస్తే మా క్లాసంతా వరసగా కూర్చుని ఉంది. పుట్టపర్తి అవతల ఐదు ఊళ్ల వాళ్లు అదే మాట రాశారు.

ఇంటికి పరుగున పోయి చెప్పాను.

"ఎవురు సెప్పినారు?" అన్నాడు నాయన.

"నలభై రెండు చెప్పినాడు నాయనా."

"నలభై రెండు మందా?"

"ఒకడే. వాని నంబరు. ఇంకా నలుగురు రాసినారు, ఐదూర్లల్లో పదునైందంట."

నాయన కాసేపు ఖాళీ చేను వైపు చూశాడు. ఎవరో పిల్లలు ఏదో గాజుపెట్టెలో రాసిన మాట నమ్మి మందను అంత దూరం నడిపించాలి. అక్కడ గడ్డి లేకపోతే వెనక్కి తిరిగే సత్తువ జీవాలకుండదు. సంతకు పోతే ఆ భయం లేదు, మంద కూడా ఉండదు.

"ఐదూర్లా?" అన్నాడు మళ్లీ. తర్వాత అమ్మ వైపు తిరిగి, "సద్ది కట్టుమే," అన్నాడు.

నాయన మందతో కదిలిన ఆరో రోజు సెంటర్ ఫోన్ మోగింది. నాయన ఏదో ఊరి కాయిన్ బాక్సు నుంచి అరుస్తున్నాడు.

"పాపా! జీవాలు తలకాయలు ఎత్తడంల్యా! మేస్తానే ఉండాయి!"

ఫోన్ పెట్టేసి, సెంటర్లో ఉన్న ఎనిమిది మందికీ ఆ మాట గట్టిగా చెప్పాను. పరీక్ష ఫలితాల కోసం వచ్చిన ఒకాయన తనే పాసైనట్టు చప్పట్లు కొట్టాడు. అప్పుడు కూర్చుని కొత్త సైట్లో అందరి కోసం నా మొట్టమొదటి మాట రాశాను: "మా జీవాలు తలకాయలు ఎత్తడంల్యా." రాసి, కంప్యూటర్ ఆపేసి, బస్సెక్కి అమ్మకు చెప్పడానికి వెళ్లిపోయాను. ఎవరైనా చదివారా లేదా అని తిరిగి చూడలేదు, మరుసటి రోజు దాకా గుర్తే రాలేదు. ఏ రెండు ముక్కలు రాసినా నిమిషానికి నాలుగుసార్లు ఫోన్ తీసి ఎవరు మెచ్చారో లెక్క చూసుకునే ఈనాటి నాకు, బస్సు కిటికీ పక్కన తనలో తాను నవ్వుకుంటూ పోతున్న ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతో పాటు, కాస్త ఈర్ష్య కూడా.